మా అమ్మని కాపాడిన మందుల షాపాయనకి థాంక్స్ ఎలా చెప్పాలి?

ఎంవీపీ_మాధవి
పది రోజులుగా ఈ విషయం మనసులోంచి పోవట్లేదు. అమ్మకి రుమటాయిడ్ కీళ్ళవాతం, ఏళ్ళ నుంచి ఉంది. ఈ మధ్య ఆయాసం ఎక్కువై ఇక్కడే విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులు ఉన్నాం. డిశ్చార్జి రోజు ఎలా ఉంటుందో తెలుసుగా. బిల్లు, ఇన్సూరెన్సు, సంతకాలు. చేతికిచ్చిన మందుల కాగితం నేను చదవనేలేదు. తిన్నగా ఇంటి దగ్గర షాపుకి తీసుకెళ్ళి ఇచ్చేశాను.

కౌంటర్లో ఉన్నాయన రెండు మందులు తీసి పెట్టి, మూడోదాని దగ్గర ఆగిపోయారు.
"ఈ మెథోట్రెక్సేట్ ఎవరికమ్మా?"
"మా అమ్మకండి."
"వారంలో ఏ రోజు వేసుకుంటారు?"

నాకు తెలీదు. అది అమ్మ కీళ్ళవాతం మాత్ర, తన మందులు తనే చూసుకుంటుంది. ఫోన్ చేస్తే "ఆదివారం ఒక్కటే కదే" అంది. కాగితంలో మాత్రం రోజూ ఒకటి అని ఉంది. దాని కిందే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర వారానికి ఒకటి అని ఉంది. రెండు లైన్లూ తారుమారయ్యాయి. ఆయన ఆసుపత్రికి ఫోన్ చేశారు. మూడుసార్లు హోల్డులో పెట్టారు. నా వెనక నలుగురు విసుక్కుంటున్నారు, ఒకాయన అయితే "సిటీ బస్సు పోతోందండీ" అని అరిచాడు కూడా. ఇరవై నిమిషాలకి డాక్టర్ గారు లైన్లోకి వచ్చి, రోజూ కాదు, వారానికి ఒక్కటేనని చెప్పారు. అప్పుడు స్ట్రిప్ మొత్తం ఇవ్వకుండా నాలుగు మాత్రలే కత్తిరించి, చిన్న కాగితం కవర్లో వేసి, పైన మార్కర్‌తో "ఆదివారం మాత్రమే" అని రాసిచ్చారు. ఆ నాలుగింటికీ కలిపి యాభై రూపాయలు కూడా కాలేదు.

రోజూ వేసుకుంటే ఏమయ్యేదో తర్వాత తెలుసుకుని చెమటలు పట్టాయి. అన్నయ్యకి చెబితే "అతని పని అతను చేశాడు, దీనికింత హడావిడి ఏంటే" అన్నాడు. డాక్టర్ గారికి మాడుగుల హల్వా పట్టుకెళ్ళింది ఈ అన్నయ్యే మరి.

ఆయనకి డబ్బులివ్వబోతే వద్దన్నారు. ఆ కంగారులో పేరు కూడా అడగలేదు. ఏం చేస్తే బాగుంటుంది?

కంచరపాలెం_కుర్రాడు
గూగుల్‌లో ఐదు స్టార్లు కొట్టండి అక్కా. షాపు ఓనర్‌కి అదే పండగ.

ఉప్పుగాలి
స్టార్లు షాపుకి పోతాయి, ఆయనకి కాదు. ఓనర్ ఆ రివ్యూ ఫ్రేము కట్టించి, ఈయన చేతే మేకు కొట్టిస్తాడు.

గాజువాక_గిరి
మీ అదృష్టం బాగుంది మాధవి గారూ. అందరికీ అలా ఉండదు. మా నాన్నగారి బీపీ మాత్ర ఒక షాపులో "అదేనండీ, కంపెనీ తేడా అంతే" అని ఇచ్చారు. తీరా చూస్తే పేరు చివర రెండు అక్షరాలు వేరు. వట్టి ఆమ్లోడిపిన్ బదులు అటెనొలాల్ కూడా కలిసిన మాత్ర. నాలుగో రోజు బాత్రూములో కళ్ళు తిరిగి పడ్డారు. నాడి చూస్తే 46. వెళ్ళి గట్టిగా అడిగితే ఇచ్చినవాడు ఇంటర్ చదివే కుర్రాడు! గోడ మీద సర్టిఫికెట్లో ఫోటో ఇంకెవరిదో. ఆ ఫోటోలో మనిషిని అక్కడ ఎవరూ చూసిన పాపాన పోలేదు. ఇలాంటి వాళ్ళకా సన్మానాలు?

ఉప్పుగాలి
ఫార్మసిస్టుకి గుర్తింపు ఇవ్వాలంటారు. ముందు ఆయనెవరో గుర్తుపట్టాలి కదండీ! కౌంటర్ వెనక ఐదుగురుంటే అందులో ఫార్మసిస్టు ఎవరో నాకు ఇప్పటికీ తెలీదు.

కౌంటర్_వెనక
గిరి గారు చెప్పింది అబద్ధం అనను. నేను ఫార్మసిస్టునే, 17 ఏళ్ళుగా. సర్టిఫికెట్ అద్దెకిచ్చి వేరే ఉద్యోగం చేసుకునేవాళ్ళు నా బ్యాచ్‌లోనే ఉన్నారు. మా వృత్తి పరువు తీసింది బయటివాళ్ళు కాదు, వాళ్ళే. 1948 ఫార్మసీ చట్టంలో 42వ సెక్షన్ ఉంది. డాక్టర్ చీటీ మీద మందు ఇవ్వాలంటే రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలి, లేదా అతని కళ్ళెదుట ఇవ్వాలి. 2015లో వచ్చిన ప్రాక్టీస్ రెగ్యులేషన్లలో తెల్లకోటు, దాని మీద పేరున్న బ్యాడ్జీ కూడా ఉన్నాయి. ఉప్పుగాలి గారు అడిగిన గుర్తు అదే. ఎంతమంది వేసుకుంటారంటే, ఏప్రిల్లో ఏసీ లేని షాపులో నేనూ తీసేస్తాను. నిజం చెప్పాలి కదా.

కానీ ఇంకో వైపు కూడా వినండి. నా దగ్గర ఒక పాత డైరీ ఉంది. ఇచ్చేముందు ఆగి ఫోన్ చేసినవన్నీ అందులో రాసుకుంటాను. ఎవరూ అడగరు, నా తృప్తి కోసం. పోయిన వారం పేజీ ఇప్పుడు ముందు పెట్టుకున్నాను. గుండె కవాటం మార్చుకున్న పెద్దాయన మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ అడిగాడు. రక్తం పలచబడే మందు ఏదైనా వాడుతున్నారా అంటే "ఆ, వార్ఫరిన్ అనుకుంటా" అన్నాడు. ఆ రెండూ కలిస్తే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఇవ్వలేదు. పక్క షాపుకి వెళ్తాను అని కోప్పడి పోయాడు. మర్నాడు కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి, మొటిమలకి ఐసోట్రెటినోయిన్ రాసిన పాత చీటీతో వచ్చింది. పెళ్ళికి ముందు రాసింది. గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన లోపాలు తెచ్చే మందు అది. "పిల్లల కోసం చూస్తున్నారా అమ్మా" అని అంతమంది మగాళ్ళ ముందు అడగాలి. ఎలా అడగను? చీటీ వెనక రాసి చూపించాను. తల ఊపి, చీటీ మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఈ రెండింటిలోనూ షాపుకి అమ్మకం పోయింది. ఓనర్ సాయంత్రం గల్లా లెక్క చూస్తాడు కానీ నా డైరీ చూడడు.

ఎంవీపీ_మాధవి
చీటీ వెనక రాసి చూపించడం... చాలా బాగుందండీ.

గాజువాక_గిరి
సరే, మీలాంటివాళ్ళు ఉన్నారని ఒప్పుకుంటాను. కానీ వందలో ఎంతమంది? నేను షాపులోకి వెళ్ళేసరికి ఎవరుంటారో నాకెలా తెలుస్తుంది?

రౌండ్స్_రాణి
నేను ఫార్మ్.డి చేసి ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేస్తున్నాను. 2008లో మన దేశంలో మొదలైన ఆరేళ్ళ కోర్సు ఇది. ఆరేళ్ళు చదివాక కూడా మా పెద్దమ్మ పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి మందుల షాపు ఉద్యోగం" అని చెప్పింది. అలవాటైపోయింది.

మాధవి గారి విషయంలో ఒక మాట. మెథోట్రెక్సేట్ రోజూ వేసేయడం అనేది మాకు కాలేజీలో నేర్పే పాత ఉదాహరణ. అన్ని దేశాల్లోనూ జరిగింది, ప్రాణాలు పోయాయి. పైగా ఈ రెండు మాత్రలూ చాలా బ్రాండ్లలో చిన్నవి, పసుపు రంగువి. అమ్మగారికి నోట్లో పుళ్ళు, జ్వరం, ఎక్కడైనా రక్తం కారడం లాంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.

ఇక నా సొంత అనుభవం. వార్డులో ఒకావిడకి సుగర్ 380 కింద దిగట్లేదు. ఇంట్లో ఇన్సులిన్ 20 యూనిట్లు క్రమంగా వేసుకుంటోంది. డోసు పెంచుదామా అని డాక్టర్లు చర్చిస్తున్నారు. నేను "అమ్మా, ఇంట్లో ఎలా వేసుకుంటారో ఒకసారి చూపించండి" అన్నాను. చీర కొంగులోంచి సిరంజి తీసింది. మూత నారింజ రంగు! సీసా మీద 40 అని ఉంది, అంటే ఒక ఎం.ఎల్‌లో 40 యూనిట్లు. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి, ఎర్ర మూతది 40 దానికి. 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే ఆ సీసాలోంచి వచ్చేది 8 యూనిట్లే. రెండు నెలలుగా ఆవిడ వేసుకుంటోంది 8. ఒకవేళ ఆ తప్పు సిరంజితోనే డోసు పెంచేసి, తర్వాత ఎవరో సరైన సిరంజి ఇచ్చి ఉంటే? సుగర్ ఒక్కసారిగా పడిపోయేది. ఎర్రమూత సిరంజి చేతిలో పెడితే "ఇది చవకదా తల్లీ?" అని అడిగింది.

సీతమ్మధార_అత్త
నా థైరాయిడ్ కథ కూడా రాసుకోండి. మూడేళ్ళు మాత్ర పొద్దున్నే కాఫీతో కలిపి మింగాను. కాల్షియం బిళ్ళ కూడా అప్పుడే, ఒకే గుక్కలో పని అయిపోతుందని. ప్రతి టెస్టులోనూ టీఎస్‌హెచ్ ఎక్కువే, అంటే మందు చాలట్లేదని డోసు పెంచుతూనే ఉన్నారు. ఒకసారి మందుల షాపులో అమ్మాయి "ఎలా వేసుకుంటారు ఆంటీ" అంది. చెప్పాను. నవ్వలేదు పాపం. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగమంది, కాల్షియం నాలుగు గంటలు దూరం పెట్టమంది. మళ్ళీ టెస్టుకి డాక్టర్ గారు డోసు తగ్గించారు. ఆ గంట కాఫీ లేకుండా ఎలా గడుపుతానో ఆ దేవుడికే తెలుసు.

ఉప్పుగాలి
మా తాతయ్య అందరికంటే గొప్పవాడు. ఆయాసానికి పీల్చే క్యాప్సూల్స్ ఇస్తే నాలుగు నెలలు మజ్జిగతో మింగాడు. ఆ ప్లాస్టిక్ మిషన్ ఏం చేశావు తాతా అంటే, పిల్లాడు ఆడుకుంటాడని మనవడికి ఇచ్చాను అన్నాడు.

రౌండ్స్_రాణి
@ఉప్పుగాలి నవ్వకండి. రోటాక్యాప్ మింగేసేవాళ్ళు నెలకొకరైనా తగులుతారు. తప్పు వాళ్ళది కాదు. డబ్బా చేతిలో పెట్టి పంపేస్తే క్యాప్సూల్ అన్నాక మింగక ఏం చేస్తారు?

పాత_స్టీలు
స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాను. మన ఊళ్ళో ఈ చదువు ఈనాటిది కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫార్మసీ 1951లోనే మొదలైంది. దేశం మొత్తం మీద తొలి రోజుల్లో వచ్చిన వాటిలో అదొకటి. ఇప్పుడు మా వీధిలో ఎవరి పిల్లాడైనా బి.ఫార్మసీ అంటే, "పరవాడ మందుల కంపెనీ బస్సు ఎక్కుతాడా" అనే అడుగుతారు. మందు తయారు చేయడమే ఉద్యోగం, మనిషికి సరిగ్గా అందించడం ఉద్యోగం కాదన్నట్టు.

కంచరపాలెం_కుర్రాడు
నేను ఆ బస్సు ఎక్కేవాడినే అంకుల్ 😄 షాపులో చేసినప్పుడు నా మొదటి జీతం తొమ్మిది వేలు. కంపెనీలో దానికి రెట్టింపు. ఏం చేయమంటారు?

తెల్లకోటు
డాక్టరుని. తిట్టుకోకండి. నా ఓపీలో సాయంత్రం అరవై మంది ఉంటారు. యాభయ్యోవాడి దగ్గరికి వచ్చేసరికి నా చేతిరాత నాకే అర్థం కాదు. కేపిటల్ అక్షరాల్లో, జెనెరిక్ పేర్లతో రాయమని 2016లో మెడికల్ కౌన్సిల్ చెప్పింది. రాయాలి. రాస్తున్నాను, మొదటి ఇరవై మందికి.

కౌంటర్_వెనక గారిలాంటివాళ్ళు ఫోన్ చేసినప్పుడు నేను విసుక్కున్న రోజులున్నాయి. ఒకసారి చంటిపిల్లకి నేను రాసిన డోసులో దశాంశ బిందువు సరిగ్గా పడలేదు. 2.5 అని రాస్తే 25 లాగా ఉంది. ఒక ఫార్మసిస్టు ఫోన్ చేసి "బరువెంత సార్ పాపది" అని మాత్రమే అడిగాడు. తప్పు అని అనలేదు. ఆ ఫోన్ పెట్టేశాక పావుగంట ఇంకో పేషెంట్‌ని పిలవలేకపోయాను. అప్పటి నుంచీ చీటీ మీద నా నంబరు రాస్తున్నాను.

గాజువాక_గిరి
డాక్టర్లు ఇలా ఒప్పుకోవడం మొదటిసారి చూస్తున్నా. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

తెల్లకోటు
పేరు పెట్టనందుకు సంతోషిస్తున్నాను.

ఇద్దరు_పిల్లల_తల్లి
చంటిపిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. జ్వరానికి పారాసిటమాల్ డ్రాప్స్, సిరప్ ఒకటే అనుకునేదాన్ని. పెద్దోడికి సిరప్ 5 ఎం.ఎల్ వేసేదాన్ని. చిన్నదానికి డ్రాప్స్ సీసా తెచ్చి అందులోంచి కూడా 5 ఎం.ఎల్ పట్టబోయాను. షాపులో అమ్మాయి ముందురోజు సీసా మూతకి స్టిక్కర్ అంటించి "డ్రాపర్‌తోనే, చెంచాతో వద్దు" అని రాసింది. అది చూసి ఆగాను. తర్వాత లేబుల్ చూస్తే డ్రాప్స్ ఒక ఎం.ఎల్‌లో 100 మిల్లీగ్రాములు, సిరప్ ఐదు ఎం.ఎల్‌లో 125. లెక్క మీరే కట్టుకోండి.

పాత_స్టీలు
నాలుగు రెట్లు.

నైట్_డ్యూటీ
నర్సుని. మా ఆసుపత్రి ఫార్మసీతో నాకు రాత్రి రెండింటికి గొడవ కానిదే తెల్లారదు. పొటాషియం క్లోరైడ్ ఆంపుల్ వార్డులో ఉంచనివ్వరు, ప్రతిసారీ ఇండెంట్ (కావాలని చీటీ) పెట్టి తెచ్చుకోవాలి. మొదట్లో తిట్టుకునేదాన్ని. ఒకరోజు పొడి ఇంజెక్షన్లలో కలిపే నీళ్ళ ఆంపుల్, ఇదీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయి. పలచన చేయకుండా నరంలోకి గబుక్కున ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. ఇప్పుడు కూడా తిట్టుకుంటాను, కాస్త మెల్లగా.

భీమవరం_టు_బీచ్
ఎవరూ చెప్పలేదేంటి? మాధవి గారి అమ్మగారి కాగితంలో తారుమారైన ఆ రెండు మందుల వెనకా ఉన్నది మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ముందు ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది, తర్వాత దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌ని. అందుకే మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలు తగ్గించడానికి ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. ఆయన పోయింది 1948లో. కౌంటర్_వెనక గారు చెప్పిన ఫార్మసీ చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే.

ఉప్పుగాలి
వెస్ట్ గోదావరి వాళ్ళకి మైకు దొరికితే చాలు. (సుబ్బారావు గారికి మాత్రం దణ్ణం.)

కంచరపాలెం_కుర్రాడు
అక్కా, సెప్టెంబర్ 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినోత్సవం. అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య 1912లో పుట్టిన రోజు అది. ఆ రోజు షాపులో కేక్ కట్ చేయించండి. మా కాలేజీలో అయితే బీచ్ రోడ్డులో కాళీమాత గుడి నుంచి వైఎంసీఏ దాకా ప్లకార్డులు పట్టుకుని నడిపించేవారు. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు ఏదో మందుల ప్రకటన అనుకునేవారు.

కౌంటర్_వెనక
కేకులు వద్దు బాబూ. మాకు కావలసింది వేరే. వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందుల స్ట్రిప్పులు ఒక కవర్లో వేసి తీసుకురండి. ఆయుర్వేదం, పసరు మందులు, పక్కింటివాళ్ళిచ్చిన మాత్రలు కూడా దాచకుండా చెప్పండి. నేను ప్రశ్న అడిగితే "ఇవ్వవయ్యా బాబూ, నీకెందుకు" అనకండి. ఆ మాట రోజుకి పదిసార్లు వింటాను.

రౌండ్స్_రాణి
ఇంకొకటి కలుపుతాను. మందు పడక దద్దుర్లు, వాపు లాంటివి వస్తే ముందు డాక్టర్‌కి చూపించండి. తర్వాత అది నమోదయ్యేలా కూడా చూడండి. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ వాళ్ళ ఉచిత నంబరు 1800-180-3024. పేషెంటు కూడా చెప్పొచ్చు. గిరి గారూ, మీ నాన్నగారిది మందు మారిపోయిన కేసు కాబట్టి దాన్ని డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో రాసి ఇవ్వాల్సింది. బిల్లు ఉందా?

గాజువాక_గిరి
బిల్లు... అడగలేదు. "బిల్లయితే జీఎస్టీ పడుద్ది" అన్నాడు.

రౌండ్స్_రాణి
ఎమ్మార్పీలోనే పన్ను ఉంటుందండీ!

గాజువాక_గిరి
ఇప్పుడు తెలిసింది. తిట్టండి, పడతాను.

గాజువాక_గిరి
రెండు రోజుల తర్వాత వస్తున్నా. నిన్న వేరే షాపుకి వెళ్ళి "ఇక్కడ ఫార్మసిస్టు ఎవరండీ" అని అడిగాను. అందరూ ఒక్కసారి నా వైపు చూశారు, తనిఖీ అనుకున్నారో ఏమో. లోపల్నించి ఒకావిడ వచ్చి "నేనే, చెప్పండి" అంది. నాన్నగారి మందులన్నీ కుమ్మరించాను. ఒక మాత్ర రెండు బ్రాండ్లలో రెండుసార్లు వేసుకుంటున్నారట. గ్యాస్ మాత్రే అనుకోండి, పెద్ద ప్రమాదం లేదంది. అయినా డాక్టర్‌ని అడిగి ఒకటి ఆపమని చెప్పింది. బిల్లు కూడా అడిగి తీసుకున్నా.

సీతమ్మధార_అత్త
గిరి బాబు దారిలో పడ్డాడు.

ఎంవీపీ_మాధవి
అందరికీ అప్‌డేట్. నిన్న హల్వా పట్టుకుని వెళ్ళాను. పొద్దున వెళ్తే ఆయన డ్యూటీ సాయంత్రమన్నారు, మళ్ళీ వెళ్ళాను. చూడగానే నేనేదో అనేలోపే "అమ్మగారు మొన్న ఆదివారం వేసుకున్నారా? నోట్లో పుళ్ళేమైనా?" అని అడిగారు. లేవని చెప్పాను. "రక్తపరీక్ష, లివర్ పరీక్ష ఎప్పుడు చేయించారు?" నాకు మళ్ళీ తెలీదు. అక్కడ నిలబడే అమ్మకి ఫోన్. ఐదు నెలలైందట. ఈసారి తిట్లు నాకు.

హల్వా ఇస్తే నవ్వి, తనకి సుగర్ అని చెప్పి డబ్బా తెరిచి క్యూలో వాళ్ళకి పంచేశారు. "సిటీ బస్సు" అని అరిచినాయన ఆ రోజు కూడా ఉన్నాడు, రెండు ముక్కలు తీసుకున్నాడు. పేరు అడిగాను, చెప్పారు. ఇక్కడ రాయొద్దన్నారు. ఓనర్‌కి మాత్రం ఆ పేరుతో ఒక ఉత్తరం రాసిచ్చాను. ఆసుపత్రికి ఇంకోటి రాశాను, ఆ రెండు లైన్ల ఫోటో జత చేసి. వాళ్ళ దగ్గర్నించి ఇంకా జవాబు రాలేదు.

అన్నయ్యకి ఈ చర్చ అంతా చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రాత్రి అమ్మ మందుల డబ్బా ముందేసుకుని కూర్చుని, ఒక్కో స్ట్రిప్పూ తిప్పి చూస్తున్నాడు.

కౌంటర్_వెనక
పరీక్ష ఈ వారమే చేయించండమ్మా. వాయిదా వేయకండి.

ఉప్పుగాలి
హల్వా ఏమైనా మిగిలిందా?